కంటి కెమెరాకు మా బాపు చేసిన పూజ

ఆ రోజుల్లో మా చాంద్రాయణగుట్టలో ఒక డాక్టరు మంచివాడో కాదో తేల్చడం చాలా సులువు. మెడలో స్టెతస్కోపు ఉండాలి, వెళ్ళిన ప్రతివాళ్ళకీ ఒక సూది పడాలి, ఆ సూది నొప్పి ఇంటికి వెళ్ళేదాకా ఉండాలి. అంతే. సూది వెయ్యని డాక్టరు చదువు మధ్యలో ఆపేసినవాడి కింద లెక్క. ఆ రోజులంటే మరీ తాతల కాలం అనుకునేరు, ఏడెనిమిదేళ్ల కిందటి సంగతే. (ఇప్పుడు ముంజేతి గడియారం గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెబుతోంది, జ్వరం వచ్చినవాడు దుప్పటి కప్పుకునే ఫోన్లో డాక్టరుకు నాలుక చాపి చూపిస్తున్నాడు. అందుకని నా లెక్కలో అది తాతల కాలమే.) కంటి పరీక్షలు చేసే డిప్లొమా అప్పుడే పూర్తి చేసి, తెల్లకోటు ఇస్త్రీ చేయించుకుని, లోకంలోని కళ్ళన్నీ నాకోసమే ఎదురుచూస్తున్నాయన్న నమ్మకంతో ఫ్లైఓవర్ పక్క సందులోని ఒక షుగరు క్లినిక్‌లో చేరాను. అక్కడ నాకు మొదట అప్పగించిన పని రోగుల చెప్పులు వరసగా పెట్టించడం.

ఆ క్లినిక్ డాక్టరుగారిది గోదావరి పక్క ఊరు. పేటలో అందరూ ఆయన్ని గోదావరి డాక్టర్ అనేవాళ్ళు. మెత్తటి మనిషి, మాట ఎంత మెత్తనో చేతిలో సూది కూడా అంత మెత్తన, అదే ఆయనకు వచ్చిన చిక్కు. సూది నొప్పి లేదని సగంమంది రోగులు వేరేచోటికి పోయేవారు. ఆయనకు మాత్రం ఒక్కటే దిగులు. షుగరు ఉన్నవాళ్ళకి కంటి వెనక పొర మెల్లగా పాడవుతుంది, అది పాడవుతున్నట్టు వాళ్ళకే తెలియదు, తెలిసేనాటికి ఆలస్యమైపోతుంది. "కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండీ" అని ఈయన చీటీ రాసిస్తే, "కండ్లు మంచిగనే ఉన్నయి సార్" అని ఆ చీటీలో పల్లీలు పొట్లం కట్టుకునేవారు. అందుకని ఆయన ఉన్నదంతా ఊడ్చి ఒక కంటి కెమెరా కొన్నారు. అది మామూలు కెమెరా కాదు. కంటిపాపలోంచి లోపలికి తొంగిచూసి వెనక పొరను ఫోటో తీస్తుంది, ఆ ఫోటోను దానిలోని కంప్యూటరే చదివి, కంటి డాక్టరు పక్కన లేకుండానే, అక్కడికక్కడే తీర్పు చెబుతుంది. బాగుంటే తెర మీద పచ్చగీత. బాగాలేకపోతే ఎర్రగీత, వెంటనే కంటి ఆసుపత్రికి పొమ్మని. దాన్ని బిగించడానికి వచ్చిన కంపెనీ మనిషి నాకు ఒక్కటే ఆజ్ఞ ఇచ్చి వెళ్ళాడు. "మేడమ్, ప్రాణం పోయినా సరే, ముందున్న గాజు మీద వేలు పెట్టొద్దు." నన్ను మేడమ్ అన్న మొదటి మనిషి అతనే కాబట్టి ఆ మాట నేను వేదవాక్కులా పట్టుకున్నాను.

మొదటి ఫోటో డాక్టరుగారిదే తీశాను. చీకటి గదిలో ఆయన గడ్డం ఆనించారు, వెలుగు ఒక్కసారి మెరిసింది, తెర మీద ఆయన కన్ను లోపల వెలిగింది. పుస్తకంలో ఎన్నిసార్లు చూసినా అది బొమ్మే. ఇది ఎదురుగా కూర్చుని ఊపిరి పీలుస్తున్న మనిషిది. పున్నమినాడు ఉదయించే చందమామలా నారింజరంగు గుండ్రం, అందులో ఒక మూల నుంచి పుట్టి కొమ్మలు కొమ్మలుగా విచ్చుకున్న సన్నటి రక్తనాళాలు. కత్తి లేదు, కోత లేదు, చొక్కా గుండీ కూడా విప్పలేదు, మనిషి లోపల పారుతున్న నెత్తురు కనిపిస్తోంది. డాక్టరుగారు లేచి తెర మీదికి వంగి చూశారు. చివరికి "ఏమ్మాయ్, ఇది నేనేనంటావా?" అన్నారు. ఇంతలో పచ్చగీత పడింది. ఆయన ఆ యంత్రానికి రెండు చేతులూ జోడించి దండం పెట్టారు. నేనూ పెట్టాను, ఎందుకైనా మంచిదని.

ఇక జనం సంగతి చెప్పాలి. పక్క బస్తీ బార్కస్ నుంచి పహిల్వాన్ చాచా అని ఒక పెద్దాయన వచ్చేవాడు. వయసులో కుస్తీలు పట్టిన మనిషి, ఇప్పుడు షుగరుతో పట్టు పడుతున్నాడు. తన కంటి ఫోటో చూసి అలాగే నిలబడిపోయాడు. "సుభానల్లా! బేటా, అంత చిన్న కంట్ల అల్లా ఇంత పెద్ద ఆస్మాన్ పెట్టిండా?" అని పైకి, ఆకాశం వైపు చెయ్యెత్తాడు. పచ్చగీత పడిన ఆ ఫోటోను ఫోన్లోకి పంపించుకుని, కండలు చూపిస్తూ దిగిన పాత ఫోటో తీసేసి, వాట్సాప్‌లో దీన్నే పెట్టుకున్నాడు. జెద్దాలో ఉన్న అల్లుడు ఫోన్ చేసి, "మామూ, ఆ సంత్రా ఫోటో ఎందుకు పెట్టినవ్?" అని అడిగితే కంటిని నారింజపండు అనుకున్న వాడికి చదువు లేదని తేల్చేశాడు. ఆ తరవాత వారం తిరక్కుండా క్లినిక్ ముందు చెప్పులు సందు మలుపు దాకా వచ్చాయి. షుగరు లేనివాళ్ళు కూడా, "జర మా అందర్ కా ఫోటో తీయి బిడ్డా" అని లోపలి ఫోటో కోసం పిల్లాజెల్లాతో దిగేవారు. ఒకావిడ అయితే తలకు పూలు పెట్టుకుని, కళ్ళకు కాటుక దిద్దుకుని మరీ వచ్చింది.

పేట పేటంతా వచ్చింది, మా బాపు తప్ప. మా బాపు సిటీ బస్సు డ్రైవరు. చాంద్రాయణగుట్ట నుంచి అఫ్జల్‌గంజ్ దాకా ఆయన బస్సు ఎక్కనివాళ్ళు మా చుట్టుపక్కల లేరు. ఆ బస్సు సర్కారుదని అమ్మ ఎప్పుడైనా గుర్తుచేస్తే ఆయనకు అన్నం సహించేది కాదు. షుగరు వచ్చి చాలా ఏళ్ళయింది. మాత్రలు వేసుకునేవాడు, వేసుకున్నాను కదా అని డిపో ముందు రెండు చాయ్‌లు ఎక్కువ తాగేవాడు. నేను ఎప్పుడు కంటి పరీక్షకు రమ్మన్నా ఒకటే పాట. "నా కండ్లకేమైంది బిడ్డా? అఫ్జల్‌గంజ్ కాడ నిలవడి చార్మినార్ మీది గడియారంల టైం చెప్త." (మధ్యలో ఎన్ని బిల్డింగులు అడ్డమో ఆయనకు లెక్కలేదు.) అసలు సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆయనతోపాటు డ్యూటీలో చేరిన ఒక డ్రైవరుకు కంట్లో నెత్తురు చేరిందని తేలి, స్టీరింగు మీదినుంచి దింపి డిపోలో గేటు దగ్గర కూర్చోబెట్టారు. మా బాపు ఆ గేటులోంచి బస్సు తీసినప్పుడల్లా తల అవతలికి తిప్పుకునేవాడు. చూపించుకుంటేనే కదా రోగం బయటపడేది, చూపించుకోకపోతే స్టీరింగు పదిలం అన్నది ఆయన వేదాంతం. పేటలో కాటుక దిద్దుకున్న కళ్ళన్నీ చూస్తున్న నేను మా ఇంట్లో కళ్ళు మాత్రం చూడలేకపోతున్నానని నాకు లోపల కుములుడుగా ఉండేది.

అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ అంటే మా బాపు తరవాతే ఎవరైనా. డిపోలో ఆయన పూజ చేసిన బస్సును చూడటానికి పక్క డిపోల వాళ్ళు వచ్చేవారు. బంతిపూల దండలు, అరటి పిలకలు, చక్రాల కింద నిమ్మకాయలు, అన్నిటికంటే ముఖ్యంగా రెండు హెడ్‌లైట్లకూ పసుపు రాసి నడుమ కుంకుమబొట్టు. "బండికి కండ్లు అవ్వే. కండ్లకు బొట్టు లేకుంట ఇంకేడ పెడితేంది?" అనేవాడు. ఆ ఏడు పండగ ముందురోజు పొద్దున డిపోలో పూజ ముగించుకుని, మిగిలిన పూలు, కొబ్బరికాయ, పసుపు కుంకుమలు సంచిలో వేసుకుని నేరుగా మా క్లినిక్‌కి వచ్చేశాడు. "సార్, నా బిడ్డకు అన్నం పెట్టే బండి గిది. దీన్కి పూజ చెయ్యకుంట ఎట్ల?" అన్నాడు. భక్తి విషయంలో డాక్టరుగారు కూడా తక్కువవారు కాదు, సంతోషంగా ఒప్పుకున్నారు. కానీ మా బాపు కొబ్బరికాయ పైకెత్తేసరికి ఆయన ప్రాణాలు పైకి లేచాయి. "డ్రైవరుగారూ, ఒక్కమాటండీ! నీళ్ళు లోపలికెళ్తే నా బతుకంతా అందులోనే ఉందండీ! బయట, బయట కొడదాం!" అని ఆయన కాయ లాక్కుని వీధిలోకి పరిగెత్తారు. ఎక్కడ కొడతారో చూడాలని నేనూ వెనకాలే వెళ్ళాను. మేం తిరిగొచ్చేసరికి యంత్రం పెళ్ళికూతురులా ఉంది. మెడలో దండ, గడ్డం ఆనించే చోట పసుపు, ఎక్కడ చూస్తే అక్కడ కుంకుమబొట్లు. మా బాపు అగరొత్తులు తిప్పుతూ కళ్ళు మూసుకుని ఉన్నాడు.

అప్పుడు నా బుర్రలో ఒక మెరుపు మెరిసింది. (ఇరవైరెండేళ్ళ వయసులో బుర్రలో మెరుపులు ఎక్కువ, వాన తక్కువ.) పూజ చేసిన బండి నిలబడిన చోటే ఉండకూడదు, నిమ్మకాయలు తొక్కి నాలుగడుగులు కదలాలి, అదే పద్ధతి. ఆ పద్ధతి నాకు నేర్పింది మా బాపే.

"బాపు, పూజైంది. ఇగ బండి కదలాలె గద?"

"కదలాలె మరి. తియ్యి."

"ఎవలన్న గూసుంటెనే కదుల్తది గిది. పూజ చేసిన చెయ్యే ముందుగాల బోణీ చెయ్యాలె. నువ్వే చెప్తవ్ గద."

మా బాపు అగరొత్తి పట్టుకున్న చెయ్యి గాలిలో ఆగిపోయింది. డాక్టరుగారు నాకేసి మెచ్చుకోలుగా చూసి, వెంటనే అందుకున్నారు. "అవునండీ, మీ చేత్తో బోణీ అయితే మాకు మంచిదండీ!" ఎటూ తప్పించుకునే దారిలేక, తన పద్ధతే తనను పట్టుకున్నందుకు లోలోపల మండిపడుతూ, మా బాపు లైసెన్సు తనిఖీకి నిలబడ్డవాడిలా వెళ్ళి గడ్డం ఆనించాడు. వెలుగు మెరిసింది. తెర మీద మా బాపు కన్ను వచ్చింది. ఆ నారింజరంగు చందమామ మీద, పై భాగాన, వేలెడంత ఎర్రటి మచ్చ. తరవాత గీత పడింది. ఎరుపు.

పొరపాటేమోనని మళ్ళీ గడ్డం ఆనించమన్నాను. రెండో కంటి ఫోటో తీశాను, అందులోనూ మచ్చ, మళ్ళీ ఎరుపు. డాక్టరుగారు "కంగారు పడకండి డ్రైవరుగారూ, పండగ వెళ్ళగానే పెద్ద డాక్టరుకు చూపిద్దాం" అంటూ ఏదో చెబుతున్నారు. మా బాపు వినలేదు. తెరకేసి ఒక్కసారి చూసి, సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ పండగ మా ఇంట్లో పండగలా లేదు. జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్ళు మొక్కితే తలమీద చెయ్యి పెట్టి మళ్ళీ గోడవైపు తిరిగాడు. ఆయన కోపంగా ఉంటే నాకు భయం లేదు, అలవాటే. అట్లా మెత్తబడిపోయి, గోడకు తగిలించిన ఖాకీ చొక్కా వైపు చూస్తూ కూర్చుంటే మాత్రం చూడలేకపోయాను. అమ్మ ఒక్కమాటే అంది. "ఎందుకు చూసినవే? గట్లనే ఉండనియ్యకపోయినవా?"

పండగ వెళ్ళి క్లినిక్ తెరిచాం. మొన్నటి పూజ పసుపు కుంకుమలన్నీ నేను తడిబట్టతో శుభ్రంగా తుడిచాను, గాజు జోలికి మాత్రం పోలేదు (వేదవాక్కు!). మొదట కూర్చున్నది సోంపాపిడి అమ్మే ఆయన. ఎరుపు. ఆ తరవాత కాటుక ఆవిడ. ఎరుపు. ఆ వెనక టైలరు, ఆ వెనక టైలరు భార్య, అందరికీ ఎరుపే. పేటలో ఒక్క పండగకే ఇన్ని కళ్ళు ఎట్లా పాడయ్యాయో నాకు అంతుపట్టలేదు, మిఠాయిలు ఇంత పని చేస్తాయా అని కూడా అనుకున్నాను. అప్పుడు దిగాడు పహిల్వాన్ చాచా, నెల తిరిగింది కాబట్టి కొత్త ఫోటో కోసం, అత్తరు కొట్టుకుని. ఎర్రగీత పడగానే గది దద్దరిల్లింది. "క్యా? నా ఆస్మాన్ మే ఖూన్? నక్కో బేటా, మెషీన్ పాగల్ హోగయా! పోయిన నెల మంచిగుండె, పూరా జెద్దా చూసింది!" అని ఫోన్ తీసి అందరికీ తన పాత కన్ను చూపించడం మొదలుపెట్టాడు. బయట కూర్చున్నవాళ్ళు లోపలికి తోసుకొచ్చారు. ఒకటే లొల్లి. కాటుక ఆవిడ ఏడుస్తోంది. డాక్టరుగారు "అందరూ కాస్త ఆగండి బాబూ, నేను కూర్చుని చూపిస్తాను, నాది మొదటిరోజే పచ్చగీత" అని గడ్డం ఆనించారు. ఎరుపు. ఆయన అక్కడే చెమటలు కక్కుతూ జేబులోంచి ఫోన్ తీసి, "ఏమే, నేను కాస్త త్వరగా ఇంటికొస్తాను" అని భార్యకు చెప్పడం నేను నా చెవులతో విన్నాను.

అప్పుడు నేను చెయ్యవలసిన పని చేశాను, అంటే బిత్తరపోయి అందరి ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూశాను. డాక్టరుగారి మచ్చ పైన ఉంది. చాచా మచ్చ అక్కడే ఉంది. కాటుక ఆవిడదీ, టైలరుదీ సరిగ్గా అక్కడే. దేవుడు ఇంతమంది కళ్ళల్లో కొలత పెట్టి ఒకేచోట మచ్చ వెయ్యడు. నెమ్మదిగా వంగి, ఫోన్ టార్చి వేసి, ప్రాణం పోయినా ముట్టుకోకూడని ఆ గాజులోకి చూశాను. గొట్టం లోపల, గాజుకు పై అంచున, ఉంగరపు వేలితో దిద్దిన చక్కటి కుంకుమబొట్టు. మా ముత్తైదువలు కూడా అంత ముచ్చటగా పెట్టుకోరు. బండికి హెడ్‌లైటు ఎక్కడుందో వెతికి మరీ పెట్టాడు మా బాపు.

దూదితో, దానికని ఇచ్చిన మందుతో తుడిచాను. మళ్ళీ ఒక్కొక్కళ్ళనే కూర్చోబెట్టాను. డాక్టరుగారికి పచ్చగీత. టైలరుకు, కాటుక ఆవిడకు, అందరికీ పచ్చగీతే. చాచాకు పచ్చగీత పడగానే ఆయన నవ్విన నవ్వుకు అగరొత్తుల స్టాండు కిందపడింది. "అరె, మెషీన్‌కు దిష్టి తగలకుండ బొట్టు పెడితే, మన అందరికీ దిష్టి తగిలె!" నేను వీధిలోకి పరిగెత్తి ఇంటికి ఫోన్ చేశాను. "బాపు! నీ కండ్లల్ల ఏం లేదు! గది నువ్వు పెట్టిన బొట్టే!" అవతల మా బాపు గొంతులో ఎన్నాళ్ళకో విన్న నవ్వు. "ఏందే? నా బొట్టే నన్ను గింత పరేషాన్ చేసిందా?" ఆ సాయంత్రానికి డిపో అంతా కథ తెలిసిపోయింది. ఎవరు ఎదురైనా తన ఉంగరపు వేలు చూపించి, "పండుగకు గీ ఏలు అందరికి రోగం అంటవెట్టింది" అని చెప్పుకుని మురిసిపోయాడు. ఇంట్లో అమ్మ పాయసం చేసింది. (చక్కెర వెయ్యలేదని నాతో ప్రమాణం చేసింది. వేసింది.)

మర్నాడు మధ్యాహ్నం, రోగులు పలచబడ్డాక, బొట్టు పడిన ఫోటోలన్నీ చెరిపేద్దామని కూర్చున్నాను. ఒక్కొక్కటీ తీసేస్తూ మా బాపు ఫోటో దగ్గర ఆగాను, అపురూపంగా ఉంది కాబట్టి ఒకసారి పెద్దది చేసి చూద్దామని. పైన కుంకుమ మచ్చ, బాగుంది. కింద, నడిమధ్యకు దగ్గరగా, సన్నటి పసుపురంగు నలుసులు. మా బాపు మంచివాడు, కుంకుమతోపాటు పసుపు కూడా పెట్టాడనుకుని నవ్వుకున్నాను. తరవాత చాచా ఫోటో తెరిచాను. కుంకుమ ఉంది, పసుపు లేదు. డాక్టరుగారి ఫోటో. పసుపు లేదు. ఎవరి ఫోటోలోనూ లేదు. మళ్ళీ మా బాపుది పెద్దది చేశాను. ఆ పసుపు నలుసుల పక్కన సూదిమొనతో పొడిచినట్టు చిన్న చిన్న ఎర్రటి చుక్కలు ఉన్నాయి. డిప్లొమా పుస్తకంలో వాటి బొమ్మ ఏ పేజీలో ఉందో నాకు గుర్తుంది. అది కుంకుమా కాదు, పసుపూ కాదు. బొట్టు హడావిడిలో ఎవరమూ దాన్ని చూడలేదు. యంత్రం మాత్రం ఆ రోజు అబద్ధం చెప్పలేదు, మా బాపు విషయంలో.

డాక్టరుగారు చూసి కళ్ళజోడు తీసేశారు. "తీసుకురా అమ్మాయ్. ఇప్పుడైతే లేజరుతో ఆపేస్తారు, స్టీరింగుకు ఢోకా ఉండదు. ఏడాది ఆగితే మాత్రం నేను చెప్పలేను." తీసుకురావడం అనే మాట ఎంత తేలిక! ఆ మధ్యాహ్నమే నేను మా బాపు బస్సు ఎక్కి, ముందు ఆడవాళ్ళ సీటులో, ఆయన కనిపించేటట్టు కూర్చున్నాను. ఆయన మంచి హుషారుగా ఉన్నాడు. ఎక్కినవాళ్ళకల్లా, "గీమె మా బిడ్డ. కండ్ల మిషిని నడిపిస్తది. నేను బస్సు, గామె మిషిని" అని చెబుతున్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా నేను సంచిలో ఫోన్ తడుముకుంటున్నాను. అఫ్జల్‌గంజ్ వచ్చింది, జనం దిగిపోయారు. ఆయన అలవాటు ప్రకారం గుడ్డ తీసి లోపలివైపు ముందద్దం తుడవడం మొదలుపెట్టాడు. నేను పక్కన నిలబడి ఫోన్ తెరిచాను.

"బాపు, గిది చాచా కన్ను. గిది సార్ కన్ను. గిది నీది."

"మూడింట్ల నా బొట్టే ఉన్నది గదనే," అన్నాడు, తుడవడం ఆపకుండా నవ్వుతూ.

"బొట్టు సంగతి ఇడిసెయ్. జర కింద జూడు. నీ దాంట్ల."

చూశాడు. "పసుపు మరకలు గవి."

"పసుపైతే అందరి దాంట్ల ఉండాలె గద, బాపు."

ఆయన చెయ్యి అద్దం మీద ఆగింది. మూడు ఫోటోలూ మళ్ళీ తనే వేలితో జరుపుతూ చూశాడు, ముందుకు, వెనక్కు. బయట బస్సుల హారన్లు, "కోటి, కోటి" అని స్టాపు పేరుతో వేరే బస్సు కండక్టరు అరుపులు. లేజరు గురించీ, పొర గురించీ నేర్చుకుని వచ్చిన మాటలు పక్కనపెట్టి నేను చున్నీతో కళ్ళు తుడుచుకున్నాను. ఆయన అద్దంలోంచి ముందున్న రోడ్డుకేసి చూస్తూ చాలా నెమ్మదిగా అన్నాడు. "అద్దం మీది మరకైతె తుడిస్తె పోతది. తుడిసినంక గూడ కనవడ్తున్నదంటే, అది రోడ్డు మీదనే ఉన్నట్టు లెక్క." ఆ తరవాత తల వెనక్కి తిప్పి ఖాళీ సీట్లు చూశాడు. "గుంత కనవడ్డంక గూడ లేదనుకొని తోలితే, ఎన్క గూసున్నోళ్ళ గతేంది బిడ్డా? రేపు పొద్దుగాల్ల వస్త. నువ్వు ఏడువకు, మంది చూస్తున్నరు." నిజానికి అక్కడ మంది ఎవరూ లేరు. కండక్టరన్న ఒక్కడే, అతను కూడా చూడనట్టు బయటికి తిరిగి నిలబడ్డాడు.

మర్నాడు ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు, పెళ్ళిచూపులకు వచ్చినంత శుభ్రంగా. నేను గాజు తుడుస్తుంటే తనే టార్చి పట్టుకుని, "ఇంకోపారి తుడువు, మల్లొక బదనాం నాకొద్దు" అన్నాడు. గడ్డం ఆనించాడు. వెలుగు మెరిసింది. బొట్టు లేదు, మా బాపు కన్ను మాత్రమే ఉంది తెరనిండా. నలుసులు అక్కడే ఉన్నాయి. ఎర్రగీత పడింది. ఈసారి ఆయన సంచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని తెరకు దగ్గరగా వంగి, అంత పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా చూస్తూ ఉండిపోయాడు. "గిది నాదేనా? గిన్నేండ్ల సంది గింత వెలుగు లోపల పెట్టుకొని తిరుగుతున్ననా నేను?" అన్నాడు. డాక్టరుగారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "మీదేనండీ. అందుకే ఆరిపోకుండా చూసుకుందామంటున్నాను." మా బాపు యంత్రం పక్కకు వెళ్ళి, బస్సు బోనెట్ మీద తట్టినట్టు దాని వీపు మీద రెండుసార్లు తట్టాడు. "నేను నీ కంట్ల బొట్టు పెట్టిన. నువ్వు నా కంట్ల రోగం వట్టినవ్. చెల్లుకు చెల్లు."

లేజరు చేయించాం. దాన్ని చూసి కూడా ఆయనకు అబ్బురమే, "వెల్డింగ్ చేసినట్టే చేసిండ్రు, కానీ నొప్పి లేదు" అని డిపోలో చెప్పాడు. కొన్నాళ్ళు సెలవులో ఉండి, అన్ని పరీక్షలూ నెగ్గి, మళ్ళీ స్టీరింగు మీద కూర్చున్నాడు. అంతేకాదు, గేటు దగ్గర కూర్చున్న ఆ పాత దోస్తుతో మాటలు కలిపి, మిగిలిన షుగరు డ్రైవర్లందరినీ ఒక్కొక్కళ్ళనే బుజ్జగించి మా దగ్గరికి తోలుకొచ్చాడు. రిటైరయ్యేదాకా మా బాపు బస్సు నడుపుతూనే ఉన్నాడు. ఏది చూస్తే స్టీరింగు పోతుందని అంత భయపడ్డాడో, అది చూసినందుకే స్టీరింగు నిలిచింది.

ఇప్పుడు మా క్లినిక్‌లో ఆ పెద్ద యంత్రం లేదు. దాని పని గుప్పిట్లో పట్టేంత కెమెరా చేస్తోంది, దాన్ని పట్టుకుని నేనే బార్కస్ గల్లీల్లో ఇంటింటికీ తిరుగుతాను. నేను పుస్తకంలో నేర్చుకున్నవన్నీ అది నాకంటే ముందే చెప్పేస్తుంది. ఆ బొట్టు పడిన ఫోటో మాత్రం నేను చెరపలేదు, ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. ఒక్కోసారి తీసి చూస్తాను. ఇస్త్రీ తెల్లకోటు వేసుకుని, గాజు ముట్టుకోకూడదని చెప్పినందుకు గాజుకేసి చూడటమే మానేసిన ఆ అమ్మాయిని తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. మొన్న దసరాకు కూడా మా బాపు సంచి పట్టుకుని వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది, నడకలో బస్సు దిగిన ఊపు పోయింది. ఆ చిన్న కెమెరాను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కుంకుమలో ఉంగరపు వేలు ముంచి, గాల్లోనే ఆపి, నాకేసి చూసి అడిగాడు. "దీన్కి కన్ను ఏడున్నది బిడ్డా?" చూపించాను. జాగ్రత్తగా దాన్ని అటు తిప్పి, వెనకవైపు బొట్టు పెట్టి, బోణీకి తనే కూర్చున్నాడు.